పేరు అడగడానికి పొరుగింటికి ఎందుకు?



ఉప్పల్‌లోని మా ఇంటి ముందుగదిలో, నిఘంటువులున్న బీరువా పక్కన, మూత మూసిన పాత లాప్‌టాప్ ఒకటి రేయింబవళ్ళు పనిచేస్తూ ఉంటుంది. మా అబ్బాయి కొత్తది కొనుక్కొని దీనిని వదిలి వెళ్ళాడు. పాత ఇనుము వాళ్ళకు వేయడానికి మనసొప్పక నేను దానికొక ఉద్యోగం ఇచ్చాను. అది ఇప్పుడు మా ఇంటి డీఎన్‌ఎస్ సర్వర్. ఇంటర్నెట్‌లోని పేరు చెబితే, ఆ పేరు గల కంప్యూటర్ ఏ అంకెల చిరునామాలో ఉన్నదో వెదికి తెచ్చి చెప్పడం దాని పని.

ఈ సంగతి తెలిసి నా పూర్వ విద్యార్థి ఒకడు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నవాడు, మొన్న ఇంటికి వచ్చి నవ్వాడు. "గీ వయసుల మీకు గివన్నీ ఎందుకు సార్? పెద్ద కంపెనీలోళ్ళు ఫ్రీగ ఇస్తున్నరు. రూటర్‌ల రెండు నంబర్లు పెడితే అయిపాయె!" అన్నాడు. వాడు గౌరవంగానే అన్నాడు. కాని ఆ మాటలో రెండు దోషాలున్నాయి. తేరగా వచ్చినదానికి వెల ఉండదనుకోవడం మొదటిది. పెద్దవాడు చేసే పనిని చిన్నవాడు చేసుకోనక్కరలేదనుకోవడం రెండవది. ఆ రెంటికీ సమాధానంగా ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

నా సిద్ధాంతం ముందే చెబుతాను. పేరుకు అర్థం చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో, దారి తెలియనివాణ్ణి ఎటు నడిపించాలన్న అధికారమూ వారి చేతిలోనే ఉంటుంది. అట్టి అధికారాన్ని, మన ఇంట ఉంచుకోగలిగి ఉండి కూడా, ఊరూ పేరూ తెలియని యంత్రానికి అప్పగించడం అవివేకం.

విషయం తెలియకుండా వాదానికి దిగరాదని మా గురువులు నేర్పారు. కనుక మొదట ఈ వ్యవస్థ ఏమిటో చూద్దాం.

కంప్యూటర్లకు తెలిసినవి అంకెలు. మనుషులకు జ్ఞాపకముండేవి పేర్లు. ఈ రెంటికీ సంధి కుదర్చడానికి 1970లలో అమెరికావారు ఒక జాబితా పెట్టుకున్నారు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే విదుషీమణి నాయకత్వంలోని బృందం ఆ జాబితాను నిర్వహించేది. ఎవరికి కొత్త పేరు కావలసినా వారికే చెప్పాలి. ఆ జాబితా ప్రతిని అందరూ తెచ్చుకొని తమ తమ యంత్రాలలో పెట్టుకోవాలి. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ పద్ధతి బరువెక్కింది. 1983లో పాల్ మోకాపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు జాబితాను ఒక్కచోట ఉంచడం మాని, ఎవరి పేర్లను వారే చూసుకునే పద్ధతిని రూపొందించాడు. అదే డీఎన్‌ఎస్. 1987లో స్థిరపడిన దాని సూత్రాలే నేటికీ ఆధారం.

ఈ పేర్ల నిర్మాణం చూసినప్పుడు తెలుగు పండితుడైన నాకు కలిగిన ఆనందం చెప్పకుండా ఉండలేను. అది అచ్చంగా తత్పురుష సమాసం! "రాజభటుడు" అన్నప్పుడు ప్రధానమైనది చివరి పదం. భటుడే అక్కడ విషయం, రాజు వాడికి విశేషణం. ఉత్తరపదార్థ ప్రధానం తత్పురుషమని పిల్లలచేత వల్లె వేయించిన సూత్రమే ఇక్కడా. మన రాష్ట్ర ప్రభుత్వపు పేరు "తెలంగాణ.జీఓవీ.ఇన్" చూడండి. దీనికి విగ్రహం చెప్పాలంటే చివరి నుంచి రావాలి. "ఇన్" అనేది భారతదేశపు విభాగం. అందులో "జీఓవీ" ప్రభుత్వపు విభాగం. అందులో "తెలంగాణ". వెదికే యంత్రం ఈ క్రమంలోనే నడుస్తుంది. మొదట మూల సర్వర్లను అడుగుతుంది. వాటికి ఏ నుంచి ఎం వరకు 13 పేర్లున్నాయి. ఆ 13 పేర్ల వెనుక ప్రపంచమంతటా వెయ్యికి పైగా యంత్రాలున్నాయి, మన దేశంలోనూ ఉన్నాయి. మూలం "నాకు పూర్తి జవాబు తెలియదు, 'ఇన్' సంగతి ఫలానావారు చూస్తారు, వారిని అడుగు" అంటుంది. "ఇన్" బాధ్యత 2005 నుంచి నిక్సి అనే మన సంస్థది. వారి సర్వర్ తరువాతి గడప చూపిస్తుంది. ఇట్లా మూడు నాలుగు గడపలు తొక్కితే అసలు చిరునామా దొరుకుతుంది. తనకు తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, తెలిసినవారిని చూపించడం మీద నిలబడిన వ్యవస్థ ఇది. ఎందరు పండితులకున్నది ఆ వినయం!

అయితే మన ఇళ్ళలో ఈ గడపలన్నీ తొక్కేది మన కంప్యూటర్ కాదు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన సంస్థ తన సర్వర్‌నే మన రూటర్‌కు నేర్పి పోతుంది. మన తరఫున అదే తిరిగి వస్తుంది, అది చెప్పినదే మనకు ప్రమాణం. చిక్కంతా ఈ మధ్యవర్తి దగ్గరే ఉన్నది.

2019లో జరిగిన సంగతి చెబుతాను. నాతో పాతికేళ్ళు పనిచేసిన లెక్కల మాష్టారు ఒకరు కాలం చేశారు. ఆయన భార్య నాచారంలో ఒంటరిగా ఉంటున్నారు. పిల్లలు విదేశాలలో ఉన్నారు. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. భర్త పోయిన తరువాత, ఎవరినీ చేయి చాచి అడగకూడదన్న పట్టుదలతో, కరెంటు బిల్లు కంప్యూటర్‌లో కట్టడం నేర్చుకున్నది ఆ తల్లి. ఒకనాడు చిరునామా కొడుతూ ఒక అక్షరం తప్పు కొట్టింది. ఆ తప్పు పేరుతో లోకంలో ఏ యంత్రమూ లేదు. అట్టి ప్రశ్నకు ధర్మమైన జవాబు ఒక్కటే, "లేదు" అని. అసలైన సర్వర్ల నుంచి వచ్చే జవాబు కూడా అదే. కాని ఆమెకు కనెక్షన్ ఇచ్చిన సంస్థ సర్వర్ ఆ "లేదు"ను మధ్యలో మింగివేసి, తన ప్రకటనల యంత్రం చిరునామాను చేతిలో పెట్టింది. తెర మీద రంగురంగుల పుట వచ్చింది. అందులో కరెంటు బిల్లు చెల్లింపులకు సహాయమంటూ ఒక ఫోను నంబరు ఉన్నది. ఆమె ఫోను చేసింది. అవతలివాడు అడిగినవన్నీ చెప్పింది. సాయంత్రానికి ఖాతాలో 22,000 రూపాయలు లేవు. కుటుంబ పింఛనులో ఆమె కూడబెట్టుకున్న సొమ్ము అది.

నేను ఆ సంస్థకు ఫోను చేసి అడిగాను. "అది వినియోగదారుల సౌకర్యం కోసం పెట్టినదండీ" అన్నారు. సౌకర్యం! నా బీరువాలో 1885 నాటి శబ్దరత్నాకరపు పునర్ముద్రణ ఉన్నది. అందులో లేని పదం వెదికితే అది మౌనంగా ఊరుకుంటుంది. "ఈ పదం దొరకలేదు, అయినా ఈ చీరల దుకాణం చూడండి" అనదు. లేని పదానికి అర్థం కల్పించి చెప్పిన ఉపాధ్యాయుణ్ణి బడిలో ఉంచుతామా? లేని పేరుకు చిరునామా కల్పించి చెప్పిన యంత్రాన్ని మాత్రం నెలనెలా డబ్బు కట్టి మరీ పోషిస్తున్నాం.

ఇది ఎక్కడో ఒక చిన్న సంస్థ చేసిన తప్పు అనుకోకండి. 2003 సెప్టెంబరు 15న, "కామ్", "నెట్" అనే రెండు పెద్ద విభాగాలను నిర్వహించే వెరిసైన్ సంస్థే ఈ పని చేసింది. ఆ విభాగాలలో లేని ఏ పేరు అడిగినా "లేదు" అనడం మాని, తన సొంత వెదుకులాట పుటకు దారి మళ్ళించింది. దానికి సైట్ ఫైండర్ అని పేరు. లోకమంతా గగ్గోలు పుట్టింది. "లేదు" అన్న జవాబును నమ్ముకొని దొంగ ఉత్తరాలను వడగట్టే యంత్రాలు తికమకపడ్డాయి. పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ గట్టిగా చెప్పిన మీదట అక్టోబరు 4న ఆ పని ఆపారు. ఈ కథలో మనకు కావలసిన ముక్క మరొకటున్నది. ఆ మూడు వారాలలోనే, బైండ్ అనే ప్రసిద్ధమైన నేమ్ సర్వర్ ప్రోగ్రామును రూపొందించే సంస్థ, ఈ కల్పిత జవాబును తిరస్కరించే సవరణను విడుదల చేసింది. సొంత సర్వర్ ఉన్నవాడు దానిని పెట్టుకొని మళ్ళీ "లేదు"ను లేదుగానే వినగలిగాడు. పరుల సర్వర్ మీద ఆధారపడినవాడు, ఆ పరులు కరుణిస్తారేమోనని ఎదురు చూశాడు. స్వాతంత్ర్యానికీ పారతంత్ర్యానికీ తేడా ఇంతకన్న స్పష్టంగా చెప్పగలమా?

ఇక నా శిష్యుడు చెప్పిన "రెండు నంబర్ల" సంగతి. 2009 డిసెంబరులో గూగుల్ 8.8.8.8 అనే చిరునామాతోను, 2018 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 అనే చిరునామాతోను అందరికీ ఉచితంగా ఈ సేవ ప్రారంభించాయి. అవి వేగంగా పనిచేస్తాయి. లేనిదానిని లేదనే చెబుతాయి. ఆ మేరకు మెచ్చుకోవలసిందే. కాని ఇంటివారంతా రోజు పొడుగునా ఏ ఏ గడపలు తొక్కారో ఆ ప్రశ్నలన్నీ ఒకే చోటికి చేరుతాయి. ఏ పుట చదివామో వారికి తెలియకపోవచ్చు. ఏ ఆసుపత్రి పేరు అడిగామో, ఏ బ్యాంకు పేరు అడిగామో, అర్ధరాత్రి రెండు గంటలకు ఏ వ్యాధి పేరుగల స్థలాన్ని వెదికామో తెలుస్తుంది. ఇవాళ వారు దాచుకోమని మాట ఇచ్చి ఉండవచ్చు, ఆ మాట నిలుపుకోనూవచ్చు. అయినా ప్రతి పదానికీ అర్థం అడగడానికి వీధి చివరి పెద్దమనిషి ఇంటికి పరుగెత్తే పిల్లవాణ్ణి చూస్తే, ఆ పెద్దమనిషి ఎంత మంచివాడైనా సరే, "నాయనా, నీ ఇంట్లో నిఘంటువు ఉంచుకో" అనే చెబుతాను. నలభై ఏళ్ళు చెప్పినది అదే.

మరి ఇంట్లో ఈ నిఘంటువు పెట్టుకోవడం ఎంత కష్టం? ఇంజనీరును కాను, ఛందస్సు చెప్పుకొని బ్రతికినవాణ్ణి. నాకు రెండు ఆదివారాలు పట్టింది. లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి, నెదర్లాండ్స్‌లోని ఎన్ఎల్‌నెట్ ల్యాబ్స్ అనే సంస్థ తయారుచేసి ఉచితంగా ఇస్తున్న అన్‌బౌండ్ అనే ప్రోగ్రాము పెట్టాను. అది ఎవరి జవాబునూ అరువు తెచ్చుకోదు. మూలం నుంచి తానే గడపగడపకూ వెళ్ళి అడుగుతుంది. తెచ్చిన జవాబును దాని గడువు తీరేవరకు గుర్తుంచుకుంటుంది. ఆ గడువు ఎంతో నిర్ణయించేది పేరు యజమాని. మొదటిసారి అడిగినప్పుడు రవ్వంత ఆలస్యమవుతుంది. రెండవసారి జవాబు ఇంట్లోనే ఉంటుంది కనుక బయటి సర్వర్ కంటె వేగంగా వస్తుంది. ఆ తరువాత రూటర్‌లో నేమ్ సర్వర్ అన్నచోట ఈ లాప్‌టాప్ చిరునామా వ్రాశాను.

అనుభవం మీద తెలిసిన జాగ్రత్తలు మూడున్నాయి. రూటర్‌లో రెండవ నంబరు కూడా అడుగుతుంది. అక్కడ బయటి సంస్థ నంబరు వ్రాస్తే, అది ఆపదలో మాత్రమే పనిచేస్తుందని భ్రమ పడకండి. ఇంట్లోని ఫోన్లు తమకు తోచినప్పుడు దానినే అడుగుతాయి, మన శ్రమ బూడిదలో పోస్తుంది. ఇక కొన్ని బ్రౌజర్లలో ఇంటి సర్వర్‌ను దాటి దూరపు సంస్థను నేరుగా అడిగే అమరిక ఉంటుంది. దానిని వెదికి తీసివేయాలి. అన్నిటికన్న ముఖ్యం, ఈ సర్వర్ ఇంటివారికే జవాబు చెప్పాలి, బయటివారికి తలుపు తెరవరాదు. చిన్న ప్రశ్నకు పెద్ద జవాబు వచ్చే లక్షణాన్ని పట్టుకొని, ఎవరో అడిగినట్లుగా వేరొకరి మీదికి జవాబులు కుమ్మరించే దుండగులున్నారు. 2013 మార్చిలో స్పామ్‌హౌస్ సంస్థ మీద జరిగిన పెద్ద దాడికి ఇట్లా తలుపులు తెరిచి ఉంచిన సర్వర్లే ఆయుధాలయ్యాయి.

ఖర్చు మాటకు వస్తే, నా లాప్‌టాప్ 15 వాట్ల చొప్పున తీసుకుంటుంది. నెలకు 11 యూనిట్ల లోపే. కరెంటు పోయినా దాని బ్యాటరీ నిలబెడుతుంది. రూటర్‌కు మాత్రం చిన్న యూపీఎస్ పెట్టవలసివచ్చింది.

ఇప్పుడు నాకు ఎదురు వచ్చే వాదాలను దాచకుండా చెబుతాను.

"దీనితో మీ రహస్యాలన్నీ భద్రమా?" కాదు. నా ప్రశ్నలు ఇంటి నుంచి మూలానికీ ఇతర సర్వర్లకూ వెళ్ళేటప్పుడు సామాన్యంగా కప్పు లేకుండానే వెళతాయి. కనెక్షన్ ఇచ్చిన సంస్థ చూడదలిస్తే చూడగలదు. ఏ చిరునామాకు వెళ్ళానో ఎలాగూ దానికి తెలుస్తుంది. అయితే పూర్తి ప్రశ్న ప్రతి గడపలోనూ చెప్పకుండా, ఆ గడపకు అవసరమైన ముక్క మాత్రమే అడిగే పద్ధతి 2016లో వచ్చింది, అన్‌బౌండ్ దానిని పాటిస్తుంది. "ఇన్" గురించి అడగవలసిన మూలానికి "తెలంగాణ" సంగతి చెప్పనక్కరలేదు కదా. సంపూర్ణ రహస్యం దొరకకపోయినా, నా ప్రశ్నల చిట్టా అంతా ఒక్కరి పెట్టెలో చేరడం తప్పింది.

"పెద్ద సంస్థలకు ఉన్న రక్షణ మీకుంటుందా?" 2008లో డాన్ కామిన్‌స్కీ అనే నిపుణుడు, సర్వర్లకు దొంగ జవాబులు నమ్మించగల పెద్ద లోపాన్ని బయటపెట్టాడు. నాటినుంచి నేటివరకు జరిగిన దిద్దుబాట్లన్నీ నాలాంటివాడికీ ఉచితంగానే వచ్చాయి. 2010 జూలైలో మూలం వద్దనే జవాబులకు సంతకం చేయడం మొదలైంది. రాజముద్ర చూసి తామ్రశాసనాన్ని నమ్మినట్లు, అన్‌బౌండ్ ఆ సంతకాన్ని పరీక్షించి, చెడిన జవాబును త్రోసిపుచ్చుతుంది. సంతకం చేయించుకోని పేర్లే లోకంలో ఎక్కువ, నిజమే. అది ఆ పేర్ల యజమానుల సోమరితనం.

"మోసాలు ఆగుతాయా?" ఇదే అన్నిటికన్న గట్టి ప్రశ్న. మోసగాడు అసలు పేరును పోలిన పేరు ఒకటి కొనుక్కొని దుకాణం పెడితే, నా సర్వర్ వాడి చిరునామాను నిజాయితీగా చెబుతుంది. చెప్పాలి కూడా. నిఘంటువు పని పదానికి అర్థం చెప్పడం. ఆ పదాన్ని వాడేవాడి శీలానికి అది పూచీ పడదు. నేను కోరినది ఒక్కటే, లేనిదానిని ఉన్నదని చెప్పకపోవడం. నాచారంలో ఆ రోజు ఆ ఒక్క ధర్మం నిలిచి ఉంటే, తెర మీద "దొరకలేదు" అన్న మాట కనబడేది. ఆమె కళ్ళజోడు సవరించుకొని అక్షరం సరిచేసుకొనేది, లేదా నాకు ఫోను చేసేది. ఎవరి ఉచితసేవా లేకపోతే పోయేది, 22,000 రూపాయలు నిలిచేవి.

"ఇది అందరికీ చేతనవుతుందా?" చేతకాదు. ఊరంతా బావి త్రవ్వలేరు. త్రవ్వగలిగినవాడు నాలుగిళ్ళకు నీళ్ళు తోడుకోనిచ్చేవాడు. మా తూర్పు హైదరాబాదుకు ఈ మాట చెప్పే హక్కున్నది. మాకు కూతవేటు దూరంలో కుషాయిగూడ వైపు ఈసీఐఎల్ ఉన్నది. 1967లో ఆ సంస్థను స్థాపించి, స్వదేశీ కంప్యూటర్లు అక్కడ తయారుచేశారు. "అమెరికావాడు చేస్తున్నాడు కదా, మనకెందుకు" అని ఆనాటివారు అనలేదు. వారి పక్క వీధులలో పుట్టి, ఇంజనీరింగు చదివి, ఇదే విద్యతో జీతం తెచ్చుకుంటున్న పిల్లలు నన్ను "మీకెందుకు సార్" అని అడుగుతున్నారు. నాకెందుకో చెప్పాను. తమకెందుకు అక్కరలేదో వారు చెప్పాలి.

ఆ దుర్ఘటన జరిగిన తరువాత ఆమె కంప్యూటర్ మీద గుడ్డ కప్పివేసింది. ఏడాది పాటు బిల్లు కట్టడానికి ఎండలో వెళ్ళి వరుసలో నిలబడేది. డబ్బు పోయినదానికంటె, తన తెలివి మీద తనకు నమ్మకం పోయిందని ఆమె బాధ. నా సర్వర్ కుదురుకున్నాక, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొని, అదే ప్రోగ్రాము ఎక్కించి, నాచారం వెళ్ళి వారింట్లో పెట్టి వచ్చాను. గుడ్డ తీయించి, "కావాలని ఒక అక్షరం తప్పు కొట్టమ్మా" అన్నాను. వణుకుతున్న వ్రేళ్ళతో కొట్టింది. ఆ పేరు దొరకలేదని తెర మీద తెల్లగా వచ్చింది. రంగులు లేవు, ఫోను నంబరు లేదు.

ఆమె చాలాసేపు ఆ తెల్లని పుట వంక చూసింది. "లేదంటే లేదనే చెప్తది గదా అన్నయ్యా, ఇది?" అన్నది.

"అంతే చెబుతుందమ్మా" అన్నాను. అక్షరం సరిచేసి, ఆ నెల బిల్లు తానే కట్టుకున్నది.

నాయనా, నా పూర్వ విద్యార్థీ, నీకు తెలిసిన విద్యలో ఇది ఆవగింజంత. మీ అమ్మానాన్నల ఇంట ఒక ఆదివారం వెచ్చించు. దారిలో చిక్కు వస్తే ఉప్పల్ రా. ఈసారి పాఠం నేను చెబుతాను, తప్పులు నువ్వు దిద్దుదువుగాని.

స్వస్తి.